షేర్ల పాతధరల పట్టికను చదువు విధము

గడచిన విద్యాసంవత్సరము ముగియవచ్చిన దినములలో ఒకనాటి సాయంకాలము, మా పాఠశాలయందు పదవ తరగతి చదువుచుండిన యొక బాలిక తండ్రిగారు మమ్ము చూడవచ్చిరి. ఆయన తపాలా శాఖయందు పనిచేసి విశ్రాంతి గైకొనినవారు. వారి చేతిలో మడతపెట్టిన కాగితమొకటి యుండెను. దానిపై నొక గీత ఎడమప్రక్క అడుగునుండి బయలుదేరి, కుడిప్రక్క పైమూలకు, కొండయెక్కు బాటవలె పోవుచుండెను.

“అయ్యగారూ, తమరు లెక్కలు చెప్పువారు గదా! ఈ కంపెనీ షేరు మూడేండ్ల క్రిందట నలువది రూపాయలట. నేడు నూట అరువది. పెద్దమ్మాయి నర్సింగు చదువునకై దాచిన నాలుగు లక్షలున్నవి. అందొక లక్ష పదిదినముల క్రిందటనే పెట్టితిని. మిగిలిన మూడును సోమవారములోపల పెట్టుమని ఏజెంటు తొందరచేయుచున్నాడు. తమ సలహా యేమి?” అని వారడిగిరి.

ఆ కాగితమును మేము చాలసేపు చూచితిమి. గీయబడినదానిలో అబద్ధమేమియు లేదు. కాని గీత యెచ్చట మొదలైనది? దానికి ముందేమున్నది? ఆ సంగతి కాగితము చెప్పుటలేదు. “అయ్యా, మూడు దినములు ఓపిక పట్టుడు. మా తరగతి పిల్లలును మేమును పూర్తి పట్టిక తెప్పించి చూచెదము,” అని వారిని పంపివేసితిమి. ఆ మూడు దినములలో మేము నేర్చుకొనినదియు, పిల్లలకు నేర్పినదియు ఈ వ్యాసమునకు మూలము. ఇట్టి కాగితములు నేడు సెల్ ఫోను ద్వారా ఇంటింటికి వచ్చుచున్నవి గనుక, తలిదండ్రులును విద్యార్థులును దీనిని శ్రద్ధతో చదువవలెనని కోరుచున్నాము.

షేరనగా నేమి? దాని ధర యనగా నేమి?

ఒక కంపెనీ మూలధనమును సమానములైన చిన్న చిన్న భాగములుగా విభజింతురు. అట్టి భాగమొక్కటి షేరు, లేక వాటా. వాటా కొనినవాడు ఆ మేరకు కంపెనీకి యజమానుడగును. కంపెనీకి లాభము వచ్చి, దానిలో కొంత పంచిపెట్టినయెడల, ఆ భాగమును లాభాంశమందురు.

షేరు ధర అనగా కొనువాడొకడును అమ్మువాడొకడును ఒక క్షణమున ఒప్పుకొనిన మొత్తము. అంతకన్న దానియందు మఱే రహస్యమును లేదు. బొంబాయిలో దలాలులు మొదట చెట్ల నీడను గుమిగూడి బేరములాడుకొనుచు, 1875వ సంవత్సరమున సంఘముగా నేర్పడిరి. 1920లో చెన్నపట్టణమునను, 1943లో హైదరాబాదునందును అట్టి స్టాకు ఎక్స్ఛేంజీలు వెలసెను. హైదరాబాదు ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయినది. 1994నుండి జాతీయ స్టాకు ఎక్స్ఛేంజియందు బేరములన్నియు కంప్యూటరుమీదనే నడచుచున్నవి. స్థలములును సాధనములును మాఱినను, ఒకడు అమ్ముట, మఱియొకడు కొనుట యను పని మాత్రము మాఱలేదు.

ఇచ్చట ఆరంభకులకు కలుగు మొదటి భ్రమను తొలగింపవలెను. ధర హెచ్చుగానున్న షేరు ‘ఖరీదైనది’ అనియు, తక్కువగానున్నది ‘చవుక’ అనియు పెక్కుమంది తలంతురు. 2023 జూను నెలలో టైర్లు చేయు ఎం.ఆర్.ఎఫ్. కంపెనీ షేరొక్కటి లక్ష రూపాయలు దాటెను. ఆ కాలముననే ఇన్ఫోసిస్ షేరు 1,300 రూపాయల ప్రాంతమున నుండెను. అట్లని మొదటిది పెద్ద కంపెనీ యగునా? ఎం.ఆర్.ఎఫ్. షేర్లన్నియు కలిసి సుమారు 42 లక్షలు మాత్రమే. ఇన్ఫోసిస్ షేర్లు 400 కోట్లకు పైబడినవి. గుణించి చూడుడు: మొదటి కంపెనీ మొత్తము వెల దాదాపు 42,000 కోట్ల రూపాయలు, రెండవదాని వెల 5 లక్షల కోట్లకు మించినది. రొట్టెను నాలుగు ముక్కలుగా కోసినను నలువది ముక్కలుగా కోసినను రొట్టె యొక్కటియే. ముక్క వెలను చూచి రొట్టె పరిమాణమును నిర్ణయింపరాదు.

పట్టికలోని గడులు

ఎక్స్ఛేంజివారు ప్రతిదినమును ప్రకటించు ధరల పట్టికను వ్యాపారులు ‘భావ్ కాపీ’ యని పిలుతురు. ఒక్కొక్క షేరునకు ఒక్కొక్క వరుస యుండును. ఆ వరుసలో తేదీ, మొదటి ధర, గరిష్ఠ ధర, కనిష్ఠ ధర, ముగింపు ధర, చేతులు మాఱిన షేర్ల సంఖ్య అను గడులుండును. ముగింపు ధర యనగా చివరి బేరపు ధరయే యని తలంపరాదు. చివరి అరగంటలో జరిగిన బేరముల సగటును ముగింపు ధరగా తీసికొను పద్ధతి మన దేశమున అనేక సంవత్సరములు నడచినది. సాయంకాలమున నొక్కడు చేసిన చిన్న బేరము దినమంతటి ధరను మార్చివేయకుండుటకే యీ యేర్పాటు.

ఈ గడులలో అందఱును చూచునది ముగింపు ధర. ఎవరును చూడనిది షేర్ల సంఖ్య. కాని సామాన్యునకు మిక్కిలి ప్రయోజనకరమైనది ఆ కడపటి గడియే. సంతలో నొక ఆవునకు లక్ష రూపాయలని చెప్పుట వేఱు, లక్ష యిచ్చి తోలుకొనిపోవువాడుండుట వేఱు. దినమునకు లక్షల కొలది షేర్లు చేతులు మాఱుచోట ధరకు నిజమైన అర్థము కలదు. దినమునకు రెండు మూడు వందల షేర్లు మాత్రము మాఱుచోట, ఇద్దఱు ముగ్గురు కూడబలుకుకొని ధరను పైకెత్తుట సాధ్యము. కావున ధర చూచిన కన్నుతోనే సంఖ్యను కూడ చూడవలెను.

బోనసు షేర్లు, ముఖవిలువ విభజనము

పాతధరలను ఉన్నవియున్నట్లు నేటి ధరలతో పోల్చిన యెడల గొప్ప పొరపాటు జరుగును. దీనికి ఇన్ఫోసిస్ కంపెనీ చరిత్రకన్న మంచి యుదాహరణము లేదు.

1993లో ఆ కంపెనీ తన షేర్లను జనులకు 95 రూపాయల చొప్పున విక్రయించెను. అప్పుడొకడు 9,500 రూపాయలిచ్చి నూఱు షేర్లు కొనెననుకొందము. 1994లో షేరునకొక షేరు చొప్పున కంపెనీ ఉచితముగా బోనసు షేర్లిచ్చెను, నూఱు రెండువందలాయెను. 1997లోను 1999లోను మరల నట్లే యిచ్చుటచేత నాలుగువందలు, పిమ్మట ఎనిమిదివందలు నాయెను. 2000లో పది రూపాయల ముఖవిలువ గల షేరును అయిదు రూపాయల షేర్లు రెంటిగా చీల్చిరి, 1,600. 2004లో షేరునకు మూడు షేర్ల చొప్పున బోనసిచ్చిరి, 6,400. 2006లో 12,800, 2014లో 25,600, 2015లో 51,200, 2018లో 1,02,400. నాటి నూఱు షేర్లు నేటి లక్షా రెండువేల నాలుగువందలు. అనగా 1,024 రెట్లు. రెండును పదిమాఱులు గుణించిన వచ్చు సంఖ్య యిదియే యని విద్యార్థులు గుర్తింతురు గాక.

కావున 1993 నాటి 95 రూపాయలను నేటి షేరుతో పోల్చవలెనన్న, దానిని 1,024 చేత భాగింపవలెను. వచ్చునది తొమ్మిది పైసలకు కొంచెమెక్కువ. దీనినే ‘సవరించిన ధర’ యందురు. కంప్యూటరులో కనబడు దీర్ఘకాలపు గీతలు చాలవఱకు ఇట్లు సవరించినవే. ఆ గీతను చూచి, “ఆ కాలమున తొమ్మిది పైసలకే షేరు దొరకెనట!” అని కొందఱు ఆశ్చర్యపడుదురు. తొమ్మిది పైసలకు ఎవరును ఎన్నడును కొనలేదు. అది పోలికకొఱకు చేసిన లెక్కయే గాని జరిగిన బేరము కాదు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటును కలదు. సవరింపని పట్టికలో, బోనసు అమలైన దినమున ధర హఠాత్తుగా సగమగును. 2018 సెప్టెంబరు మొదటివారమున ఇన్ఫోసిస్ ధర 1,400 రూపాయలకు పైనుండి ఒక్క రాత్రిలో దానిలో సగమునకు దిగెను. ఎవరికిని నష్టము రాలేదు. షేర్లు రెండింతలైనవి, వెల సగమైనది. ఈ సంగతి తెలియక మేమే యొకప్పుడు బెదరితిమని ఒప్పుకొనుచున్నాము. మా తమ్ముని పేరనున్న కొద్ది షేర్ల ధర పత్రికలో సగమై కనబడగా, “మునిగిపోతిమి” అని మేమే వానికి కబురంపితిమి. వాని యింట రెండు దినములు అన్నము సహింపలేదు. కొన్ని దినములకు బోనసు షేర్లు ఖాతాలో చేరెను. లెక్కల ఉపాధ్యాయుడని తమ్ముడు మమ్ము నేటికిని పరిహసించుచున్నాడు.

ఒక కంపెనీనుండి మఱియొక కంపెనీ విడిపోవునపుడును ఇట్లే జరుగును. 2025 జనవరిలో ఐ.టి.సి. కంపెనీనుండి హోటళ్ల వ్యాపారము వేఱుపడి, పది పాత షేర్లకొక హోటలు షేరు చొప్పున వాటాదారులకు లభించెను. ఐ.టి.సి. ధరలో ఆనాడు కనబడిన తగ్గుదల నష్టము కాదు. ఒకజేబులోని సొమ్ము రెండు జేబులలోనికి మాఱుట.

లాభాంశముల లెక్క

షేరు ధర 200 రూపాయలుండగా కంపెనీ పది రూపాయలు లాభాంశము పంచినదనుకొందము. ఆ పది రూపాయలు కంపెనీ పెట్టెనుండి వెడలిపోయినవి గనుక, ఇతర కారణములు లేనియెడల ధర 190కి దిగును. ధర మాత్రమే చూచువాడు నూటికి అయిదు నష్టమనును. చేతికి వచ్చిన పదిరూపాయలను కూడ లెక్కించువాడు లాభనష్టములు లేవనును. రెండవవాడే సరి. కొందఱు పట్టికలు కట్టువారు, ఈ భేదము తెలియుటకై, అంతకుముందటి ధరలన్నిటిని 190ని 200చేత భాగించిన భిన్నముచేత, అనగా 0.95 చేత, గుణించి తగ్గింతురు. ఎక్స్ఛేంజివారి భావ్ కాపీయందు ఇట్టి సవరణములుండవు; ఆనాడు జరిగిన ధరలే యుండును. కావున ఏ పట్టికను చేతబట్టినను మొదట నడుగవలసిన ప్రశ్న: ఇది సవరించినదా? సవరించినదైన, బోనసులకు మాత్రమేనా, లాభాంశములకు కూడనా? రెండు కంపెనీలను పోల్చునపుడు ఒకదానికి సవరించిన పట్టికను, రెండవదానికి సవరింపనిదానిని తీసికొనుట, ఒక బట్టను గజముతోను ఇంకొకదానిని మీటరుతోను కొలిచి పోల్చినట్లుండును.

నూటికెంత?

పత్రికలలో “సూచిక ఇన్ని పాయింట్లు పడిపోయెను” అని పెద్ద యక్షరములతో వేయుదురు. 1992 ఏప్రిల్ 28వ తేదీన బొంబాయి సెన్సెక్సు 570 పాయింట్లు పడెను. 2020 మార్చి 23వ తేదీన, కోవిడు వ్యాధి భయముచేత, అదే సూచిక 3,934 పాయింట్లు పడెను. రెండవది మొదటిదానికి ఏడురెట్లు ఘోరమా? కాదు. 1992లో సూచిక నాలుగువేలపైచిలుకు. 2020లో దాదాపు ముప్పదివేలు. నూటికి లెక్కించినయెడల రెండును పదుమూడు ప్రాంతముననే యుండును. పాయింట్లు, రూపాయలు కండ్లను బెదరించును; శాతము నిజము చెప్పును.

శాతములయందును ఒక గోతి గలదు. ధర నూటికి ఏబది పడినయెడల, తిరిగి పూర్వస్థితికి వచ్చుటకు నూటికి ఏబది పెరిగిన చాలునని పిల్లలందఱును చెప్పిరి. నూఱు ఏబది యైన పిమ్మట, ఏబదిలో సగము ఇరువదియైదే గదా! పోయినదానిని పొందుటకు నూటికి నూఱు పెరుగవలెను. నూటికి తొంబది పడినచో, లేచుటకు పదిరెట్లు కావలెను. పడుటకును లేచుటకును మెట్లు సమానముకావు.

గీతను గీయుటయందును ఈ విషయమే అడ్డువచ్చును. పది రూపాయలు ఇరువది యగుటయు, వెయ్యి రెండువేలగుటయు కొనినవానికి సమానమే. రెంటను సొమ్ము రెట్టింపైనది. కాని మామూలు గీతలో మొదటిది కనబడదు, రెండవది పర్వతమువలె కనబడును. అందుచేత దీర్ఘకాలపు గీతలలో సమానమైన రెట్లకు సమానమైన ఎత్తు నిచ్చు కొలతను వాడుట యుక్తము. పై తరగతులలో లాగరిథములు నేర్చువారికి ఇది వెంటనే బోధపడును.

గీత యెచ్చట మొదలైనది?

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వత్తము. 2013 అక్టోబరు చివర సెన్సెక్సు 21,000 పైచిలుకుగా నుండెను. 2008 జనవరి 8వ తేదీన అది 20,873. అనగా, ఆనాడు ధనము పెట్టినవానికి, లాభాంశములను విడిచి చూచిన, దాదాపు ఆరేండ్లకు దక్కినది శూన్యమునకు సమీపము. కాని 2009 మార్చి 9వ తేదీన సూచిక 8,160. ఆనాడు పెట్టినవానికి అదే 2013 అక్టోబరునాటికి రెండున్నర రెట్లకు మించినది. ముగింపు దినమొక్కటే, ఆరంభ దినములు రెండు. మొదటి గీత చూపువాడు “షేర్లు వ్యర్థము” అనును. రెండవ గీత చూపువాడు “షేర్లు కల్పవృక్షము” అనును. ఇద్దఱును అబద్ధమాడలేదు, ఇద్దఱును సత్యమును పూర్తిగా చెప్పలేదు.

అమెరికా దేశపు డౌజోన్సు సూచిక 1929 సెప్టెంబరు 3వ తేదీన 381గా నుండి, 1932 జూలై 8వ తేదీకి 41కి పడిపోయెను. అది మరల 1929 నాటి యెత్తును దాటినది 1954 నవంబరులో. అనగా ఇరువదియైదు సంవత్సరములు! “చివరకు తప్పక లేచును” అను మాట సూచికకు నిజమైనను, మనిషి జీవితమునకును వాని పిల్లల ఫీజులు కట్టవలసిన తేదీకిని ఆ ‘చివర’ కుదురునో లేదో యెవరు చెప్పగలరు?

ఇంకొక మోసము కంటికి కనబడనిది. నేటి పట్టికలో నేడు బ్రదికియున్న కంపెనీలే యుండును. డౌజోన్సు సూచిక 1896లో పన్నెండు కంపెనీలతో ఆరంభమైనది. ఆ పన్నెండింటిలో నేడు సూచికయందున్నది ఒక్కటియు లేదు. కడపటిదైన జనరల్ ఎలక్ట్రిక్ 2018లో తొలగింపబడెను. ఇన్ఫోసిస్ వలె షేర్లు విక్రయించిన ఆ దశాబ్దముననే, జనులయొద్ద సొమ్ము వసూలుచేసి అదృశ్యమైన కంపెనీలను వెదకించుటకు మన ప్రభుత్వమువారు ప్రత్యేకముగా పూనుకొనవలసి వచ్చెను. గెలిచిన గుఱ్ఱము చరిత్రను మాత్రమే చదివి పందెము సులభమని తలంపరాదు.

ధర చెప్పలేనిది: సత్యము కథ

పాతధరలు భవిష్యత్తును చెప్పవు. దీనిని తెలుగువారికి వేఱుగా బోధింపనక్కఱలేదు. హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్సు కథ మన యిండ్లలోనే జరిగినది. 2008లో దాని షేరు ఐదువందల రూపాయలు కూడ దాటినది. 2009 జనవరి 7వ తేదీన ఆ కంపెనీ అధ్యక్షులు, పుస్తకములలో చూపిన నగదు నిలువలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని స్వయముగా లేఖ వ్రాసిరి. ముందునాడు 179 ప్రాంతమున నున్న షేరు ఆ సాయంకాలమునకు నలువదికి లోబడెను. ఆ వరుసలో మొదటి ధరకును ముగింపు ధరకును నడుమ నున్న యెడము ఎన్ని కుటుంబముల ఆశలను మ్రింగినదో పట్టిక చెప్పదు.

అంతకుముందటి సంవత్సరముల గీతను ఎంత నేర్పుతో చదివినను ఆ దినమును ముందుగా కనుగొనుట సాధ్యమయ్యెడిది కాదు. ధర యనునది జనులకు తెలిసినదానియొక్క, జనులు నమ్మినదానియొక్క ఫలము. లెక్కలే అబద్ధమైనపుడు, ఆ లెక్కలను నమ్మి పుట్టిన ధరయందు సత్యమెట్లుండును? కావున ధరల పట్టికతోబాటు కంపెనీ వార్షిక నివేదికను, దాని అప్పులను, చేతికి వచ్చిన నగదును కూడ పరిశీలింపవలెను. అంతయు పరిశీలించిన పిమ్మటను, ఉన్న సొమ్మంతయు ఒక్కచోట పెట్టరాదను పాఠమే ఈ కథకు సారము.

ఈ కథకు చదువదగిన యుత్తరభాగమొకటి కలదు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రావారు షేరునకు 58 రూపాయల చొప్పున ఆ కంపెనీని చేపట్టిరి. 2013లో అది వారి కంపెనీలో లీనమై, పదునేడు పాతషేర్లకు రెండు టెక్ మహీంద్రా షేర్లు లభించెను. 2015లో ఆ షేర్లకు ఒకటికొకటి బోనసు రాగా, ముఖవిలువ కూడ పదినుండి అయిదునకు చీల్చబడెను. అనగా 170 పాతషేర్లున్న యింట ఇరువది కొత్తషేర్లు, పిమ్మట నలువది, ఆ పిమ్మట ఎనుబది. నేడు ‘సత్యం’ పేరుతో ధర వెదకువానికి ఏమియు దొరకదు. కాని లెక్క తెలిసినవానికి ఆ పాతకాగితముల వెల ఇప్పటికిని తెలియును.

ఇంటియందలి ప్రయోజనములు

షేర్లు కొనకపోయినను పాతధరలు తెలిసికొనవలసిన సందర్భములు కుటుంబములలో వచ్చుచుండును. తాతగారి ట్రంకుపెట్టెలో నొక షేరు కాగితము దొరకినదనుకొందము. కంపెనీ పేరు మాఱియుండవచ్చును, బోనసులు వచ్చియుండవచ్చును. మీదచెప్పిన విధముగా మెట్టు మెట్టుగా లెక్కింపవలెను. 2019 ఏప్రిల్ 1నుండి కాగితపు షేర్లను ఆ రూపముననే ఇతరులకు బదిలీచేయ వీలులేదు. ముందుగా డీమాటు ఖాతాలోనికి మార్చుకొనవలెను. ఏడు సంవత్సరములు వరుసగా లాభాంశములను తీసికొననిచో, ఆ లాభాంశములును షేర్లును ప్రభుత్వము నెలకొల్పిన పెట్టుబడిదారుల నిధికి పోవును. అట్లు పోయినవానిని హక్కుదారులు ఋజువులు చూపి తిరిగి కోరవచ్చును. కావున పాతకాగితమును చిత్తుకాగితముగా పాఱవేయరాదు.

పన్ను లెక్కయందును పాతధర కావలసివచ్చును. 2018లో చేసిన చట్టముప్రకారము, అంతకుముందు కొనిన షేర్లపై లాభమును లెక్కించునపుడు 2018 జనవరి 31వ తేదీనాటి గరిష్ఠ ధరకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము గలదు. ఆ యొక్క తేదీ వరుసను ఎక్స్ఛేంజివారి పట్టికనుండి తీసి దాచుకొనుట మంచిది.

తండ్రిగారి కాగితము

ఇక మా పిల్లలు కనుగొనినది వినుడు. ఆ కంపెనీ పేరు ఇచ్చట ననవసరము. పిల్లలు పదేండ్ల ధరలను తీసి, నల్లబల్లపై కొత్తగా గీత గీచిరి. ఏజెంటు కాగితమునకు ముందు నాలుగేండ్ల నాడు ఆ షేరు నాలుగువందలు! అచ్చటినుండి నలువదికి పడి, నూట అరువదికి లేచినది. ఒక బాలుడు లేచి, “అయ్యగారూ, పడినది నూటికి తొంబది, లేచినది నూటికి మూడువందలు. అయినను మొదట కొనినవానికి నూటికి అరువది నష్టమే!” అనెను. ఆ ప్రశ్నకు మేము పరీక్షలో నిచ్చు మార్కులకన్న నెక్కువ సంతోషము మాకు కలిగెను. తరువాత కడపటి గడి చూచితిమి. పెక్కు దినములలో చేతులు మాఱిన షేర్లు మూడువందలకు మించలేదు. ఆరేండ్లలో లాభాంశమొక్క పైసయు లేదు.

మూడవనాడు తండ్రిగారు వచ్చిరి. వారి కుమార్తెయే నల్లబల్లయొద్ద నిలిచి, తండ్రికి గీత నంతయు వివరించెను. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “మిగిలిన మూడు లక్షలు కదలింపను. పెట్టినదాని సంగతి యేమి?” అనిరి. 160 చొప్పున కొనిన 625 షేర్లను అమ్మజూచిరి. కొనువారు లేరు. ధర దినమునకింత కన్న పడరాదను నిబంధనయుండుటచేత, ప్రతియుదయము ఆ హద్దువఱకు పడి, అచ్చటనే నిలిచిపోవుచుండెను. తుదకు నూఱు చొప్పున అమ్ముడుపోయి, లక్షకు 62,500 రూపాయలు చేతికి వచ్చెను. ఆ పోయిన 37,500 రూపాయలు ఒక పింఛనుదారునకు చిన్న మొత్తము కాదు. మూడుదినములు ముందుగా అడిగినను, ఆ లక్షను మేము కాపాడియుండలేకపోయెడివారము. పదిదినములు ముందుగా అడిగియుండినచో కాపాడియుందుము. అయినను పెద్దమ్మాయి నర్సింగు కళాశాలలో చేరినది. మొదటి సంవత్సరపు ఫీజు కట్టిన రసీదును ఆయన మాకు తెచ్చి చూపిరి.

విద్యార్థులారా! ఎవరైనను మీ యింటికి ఎక్కుచున్న గీత నొకటి తెచ్చినపుడు, ఈ యైదు ప్రశ్నలడుగుడు.

1. ఈ గీత యేతేదీన మొదలైనది? అంతకు ముందేమున్నది?
2. ధరలు బోనసులకును లాభాంశములకును సవరించినవా?
3. పెరుగుదలను రూపాయలలో చెప్పుచున్నారా, శాతములలోనా?
4. దినమునకు ఎన్ని షేర్లు చేతులు మాఱుచున్నవి? అమ్మదలచినపుడు కొనువాడుండునా?
5. ఈ సొమ్ము మనకు ఏ తేదీకి కావలెను? ఆనాటికి ధర సగమై యున్నచో ఏమగును?

మొదటి నాలుగింటికి పట్టిక జవాబు చెప్పును. ఐదవదానికి ఏ పట్టికయు చెప్పజాలదు. దానిని తండ్రియు తల్లియు బిడ్డలును కూర్చుండి తామే చెప్పుకొనవలెను. తొందరచేయు ఏజెంటునకు, “సోమవారము కాదు, లెక్క చూచిన తరువాత” అని బదులుచెప్పుటకు సిగ్గుపడనక్కఱలేదు. మంచి బేరమైనచో మూడు దినములు నిలుచును. నిలువనిచో, అది పోవుటయే మనకు లాభము.